ఒక హెక్టారు అడవిని అర్థం చేసుకోవడానికి ఖండం పటం ఎందుకు చూడాలి?

పనామా కాలువ కోసం చాగ్రెస్ నదికి ఆనకట్ట కట్టినప్పుడు, 1910ల తొలి సంవత్సరాల్లో, చుట్టుపక్కల లోయలన్నీ మునిగిపోయి ఒక కొండ పైభాగం మాత్రం నీటి మధ్య మిగిలింది. దాన్నే ఇవాళ బారో కొలరాడో ద్వీపం అంటున్నారు. 1980ల ఆరంభంలో స్టీఫెన్ హబెల్, రాబిన్ ఫాస్టర్ ఆ ద్వీపంలో 50 హెక్టార్ల అడవికి హద్దులు గీసి, నేల నుంచి 1.3 మీటర్ల ఎత్తున కనీసం ఒక సెంటీమీటరు మందం ఉన్న ప్రతి కాండాన్నీ గుర్తించి, కొలిచి, నమోదు చేయించారు. రెండు లక్షలకు పైగా కాండాలు, దాదాపు 300 జాతులు లెక్కకు వచ్చాయి. మలేసియాలోని పాసో అడవిలో ఇదే పద్ధతిలో, ఇంతే విస్తీర్ణంలో లెక్కపెడితే 800కు పైగా జాతులు తేలాయి.

ఇలాంటి జాబితా చేతికి వచ్చాక సహజంగా తలెత్తే ప్రశ్న ఒకటుంది: ఇక్కడ ఈ జాతులే ఎందుకు ఉన్నాయి, అందులోనూ కొన్ని వేల సంఖ్యలో, కొన్ని ఒకటి రెండు చెట్లుగా ఎందుకు ఉన్నాయి? దీనికి జవాబును చాలాకాలం పాటు ఆ ప్లాటు (కొలతకు హద్దులు గీసిన అడవి ముక్క) లోపలే వెతికారు. నేల సారం, వెలుతురు, వాన, చెట్ల మధ్య పోటీ, విత్తనాలు తినే పురుగులు, ఇవన్నీ కచ్చితంగా లెక్కలోకి రావలసినవే. అయితే ఆ ప్లాటులో నిలబడ్డ ప్రతి చెట్టు జాతికీ ప్లాటు బయట ఒక పెద్ద జీవితం ఉంది. ఒకటి మెక్సికో నుంచి బ్రెజిల్ దాకా విస్తరించి ఉండవచ్చు. దాని పక్కనే ఉన్న ఇంకొకటి మధ్య అమెరికాలోని ఒక ఇరుకైన పట్టీకే పరిమితమై ఉండవచ్చు. ఒక జాతి సహజంగా కనిపించే మొత్తం ప్రాంతాన్ని దాని భౌగోళిక వ్యాప్తి అంటాం. ఆ లెక్కన స్థానిక వృక్ష సముదాయం అంటే కొన్ని వందల వ్యాప్తి పటాలు ఒకదాని మీద ఒకటి పడ్డ చోటు.

వ్యాప్తి ఎంత పెద్దదన్న ఒక్క సంగతి మీదే చర్చ ఎక్కువగా జరుగుతుంటుంది, ఎందుకంటే దాన్ని కొలవడం సులువు. నా దృష్టిలో మాత్రం అంతకంటే ఎక్కువ చెప్పేవి మరో రెండు విషయాలు: మనం చూస్తున్న చోటు ఆ జాతి వ్యాప్తిలో ఏ భాగంలో పడుతోంది, ఆ వ్యాప్తి అంచు అక్కడే ఆగిపోవడానికి కారణమేమిటి.

ఈ విషయం మీద వాదం పాతదే. ఇరవయ్యో శతాబ్దపు తొలి దశకాల్లో అమెరికా వృక్షశాస్త్రవేత్త ఫ్రెడరిక్ క్లెమెంట్స్ ఒక ప్రాంతపు వృక్ష సముదాయాన్ని పుట్టి, పెరిగి, పరిణతి పొందే ఒకే జీవిగా భావించారు. 1926లో హెన్రీ గ్లీసన్ దీన్ని కాదన్నారు. ప్రతి జాతీ తన అవసరాలను బట్టి, తన విత్తనాలు చేరగలిగిన దూరాన్ని బట్టి, దేని దారిన అది విస్తరిస్తుందనీ, మనం సముదాయమని పిలిచేది ఆ దారులు తాత్కాలికంగా కలిసిన చోటు మాత్రమేననీ ఆయన వాదన. మూడు దశాబ్దాల తరువాత రాబర్ట్ విటేకర్ గ్రేట్ స్మోకీ పర్వతాల్లో ఎత్తును, తేమను బట్టి చెట్ల సంఖ్యలు ఎలా మారుతున్నాయో కొలిచి చూస్తే, జాతులు గుంపులుగా ఒకేచోట మొదలై ఒకేచోట ముగియడం లేదని, ఒక్కొక్కటి వేర్వేరు చోట్ల పెరిగి తగ్గుతోందని తేలింది. 2008లో రాబర్ట్ రిక్లెఫ్స్ మరో అడుగు ముందుకు వేసి, స్థానిక సముదాయాన్ని ఒక స్వతంత్రమైన అంశంగా చూడటమే మానుకోవాలని, ఒక విశాల ప్రాంతమంతటా జాతులు ఎలా పంపిణీ అయి ఉన్నాయన్నదే అధ్యయనానికి అసలు ప్రమాణం కావాలని రాశారు. అంత దూరం వెళ్ళనక్కరలేదనుకునే వారు చాలామందే ఉన్నారు. కానీ ప్లాటు గీతల దగ్గరే ఆలోచన ఆగకూడదన్న మాటను ఇప్పుడు కాదనేవారు తక్కువ.

వ్యాప్తుల చరిత్ర ఒక అడవిని ఎంతగా మార్చగలదో చూడాలంటే ఉత్తరార్ధగోళపు సమశీతోష్ణ అడవులను పోల్చడం మేలు. ఐరోపా, అమెరికా తూర్పు భాగం, తూర్పు ఆసియా: మూడింటిలోనూ చలికాలంలో ఆకు రాల్చే తేమ అడవులున్నాయి, వాతావరణంలోనూ చాలా పోలికలున్నాయి. అయినా 1993లో రోజర్ లాథమ్, రిక్లెఫ్స్ కలిసి లెక్కకట్టినప్పుడు అలాంటి అడవుల చెట్ల జాతులు ఐరోపాలో 124, అమెరికా తూర్పు భాగంలో 253, తూర్పు ఆసియాలో 729 ఉన్నట్టు తేలింది. వాతావరణమే అంతా నిర్ణయించేదైతే ఇంత తేడా రాకూడదు.

ఐరోపా ఒకప్పుడు ఇంత పేదగా లేదు. ట్యులిప్ చెట్టు, మగ్నోలియా, హికరీ, హెమ్‌లాక్ వంటి ప్రజాతులు (దగ్గరి బంధుత్వమున్న జాతుల సమూహాలు) ఇవాళ అమెరికాలోనూ తూర్పు ఆసియాలోనూ సహజంగా పెరుగుతున్నాయి కాని ఐరోపాలో వాటి శిలాజాలే మిగిలాయి. గత ఇరవై ఐదు లక్షల ఏళ్ళలో మంచుయుగాలు పదేపదే వచ్చిపోతుంటే చెట్ల వ్యాప్తులు దక్షిణానికి జరిగి, వెచ్చబడ్డాక మళ్ళీ ఉత్తరానికి పాకాయి. అమెరికాలో అపలాచియన్ పర్వతాలు ఉత్తర దక్షిణాలుగా సాగుతాయి కనుక వాటి పొడవునా దిగడానికి దారి ఉండేది. ఐరోపాలో ఆల్ప్స్, పిరినీస్ తూర్పు పడమరలుగా అడ్డం నిలిచాయి. వాటిని దాటినా ఆ వెనక మధ్యధరా సముద్రం ఉంది. దక్షిణ ద్వీపకల్పాల్లో చిన్న చిన్న ఆశ్రయాలు దొరికిన జాతులు మిగిలాయి, దొరకనివి ఖండం నుంచే తుడిచిపెట్టుకుపోయాయి. తూర్పు ఆసియాలో మంచు పలకలు అంత దక్షిణానికి దిగలేదు. పైగా ఉష్ణమండలం దాకా భూమి తెగకుండా ఉంది. కాబట్టి ఐరోపాలోని ఒక హెక్టారు అడవిలో జాతులు తక్కువగా ఉండటానికి కారణాన్ని ఆ హెక్టారు నేలలో ఎంత తవ్వినా దొరకదు. అక్కడికి రాగలిగిన జాతుల ప్రాంతీయ నిల్వే తరిగిపోయి ఉంది.

దీనికి ఇంకో సాక్ష్యం మెటాసెకోయా అనే చెట్టు. 1941లో జపాన్ శాస్త్రవేత్త షిగెరు మికీ శిలాజాల ఆధారంగా ఈ ప్రజాతికి పేరు పెట్టారు. అప్పటికి ఇది అంతరించిపోయిందనే అనుకున్నారు. ఆ దశాబ్దంలోనే మధ్య చైనాలోని ఒక చిన్న ప్రాంతంలో బతికున్న చెట్లు దొరికాయి. ఒకప్పుడు ఉత్తర ధ్రువ ప్రాంతం దాకా వ్యాపించిన ఈ చెట్టు, ఇప్పుడు సహజంగా మిగిలింది కొన్ని లోయల్లోనే. అయితే నాటిన చోటల్లా, ఐరోపాలోనూ అమెరికాలోనూ, చక్కగా పెరుగుతోంది. ఒక జాతి ఇప్పుడున్న చోటును బట్టి అది భరించగలిగిన వాతావరణమంతా ఇంతేనని తేల్చేయడం ఎంత ప్రమాదమో ఈ ఒక్క ఉదాహరణ చాలు. 2004లో యెన్స్ క్రిస్టియన్ స్వెనింగ్, ఫ్లెమింగ్ స్కోవ్ ఐరోపాలోని 55 చెట్ల జాతులను పరిశీలించి, వాతావరణం అనుకూలించే ప్రదేశంలో సగటున 40 శాతం కంటే తక్కువ భాగంలోనే అవి సహజంగా ఉన్నాయని అంచనా వేశారు. మంచు కరిగి పదకొండు వేల ఏళ్ళు దాటినా చాలా చెట్లు తాము చేరగలిగినంత దూరం ఇంకా చేరలేదని దీని అర్థం.

చెరువుల అడుగున పొరలు పొరలుగా పేరుకున్న పుప్పొడి ఈ ప్రయాణాలను మరింత వివరంగా చూపిస్తుంది. మార్గరెట్ డేవిస్ తూర్పు అమెరికా చెరువుల్లోని పుప్పొడిని చదివి, ఇవాళ ఒకే అడవిలో భుజం భుజం కలిపి నిలబడ్డ జాతులు అక్కడికి కలిసి రాలేదని చూపించారు. కనెక్టికట్‌కు హికరీ చేరిన వేల ఏళ్ళ తరువాత, అంటే ఇప్పటికి సుమారు 2,000 ఏళ్ళ క్రితమే, చెస్ట్‌నట్ అక్కడికి చేరింది. అనాదిగా ఉన్నట్టు కనిపించే ఓక్, చెస్ట్‌నట్ అడవి అక్కడ నిజానికి కొత్తది. మంచుయుగం ముగిసే కాలంలో గ్రేట్ లేక్స్ పరిసరాల్లో సూది ఆకుల స్ప్రూస్ పుప్పొడితో పాటు యాష్ వంటి వెడల్పాటి ఆకుల చెట్ల పుప్పొడి ఒకే పొరలో పెద్ద మొత్తంలో దొరుకుతుంది. అలాంటి కలయిక ఇప్పుడు భూమి మీద ఎక్కడా లేదు.

ఆ చెస్ట్‌నట్ కథ అక్కడితో ముగియలేదు. 1904లో న్యూయార్క్‌లో బయటపడిన ఒక శిలీంధ్రం, ఆసియా చెట్లతో పాటు వచ్చి, ఇరవయ్యో శతాబ్దం మధ్యకల్లా వందల కోట్ల అమెరికా చెస్ట్‌నట్ చెట్లను చంపేసింది. వేళ్ళు మాత్రం చాలాచోట్ల బతికి, పిలకలు వేస్తూ, అవి కాస్త ఎదిగాక మళ్ళీ తెగులుకు చస్తూ ఉన్నాయి. ఆ జాతి వ్యాప్తి పటం గీస్తే వందేళ్ళ క్రితం పటానికీ ఇప్పటి పటానికీ పెద్ద తేడా కనిపించదు. అడవిలో మాత్రం ఆ చెట్టు పైకప్పు నుంచి పూర్తిగా తప్పుకుంది. దాని స్థానాన్ని ఓక్‌లూ మేపుల్‌లూ తీసుకున్నాయి. ఒక జాతి ఎక్కడెక్కడ ఉందో పటం చెబుతుంది, ఎంత ఉందో చెప్పదు.

ఇక్కడే అసలు చిక్కు మొదలవుతుంది. వ్యాప్తి పెద్దదైతే స్థానికంగా కూడా ఆ జాతి ఎక్కువగా ఉంటుందా? మొత్తం మీద ఉంటుందనే చెప్పాలి. పక్షుల నుంచి గడ్డి మొక్కల దాకా అనేక వర్గాల్లో ఈ పోకడ కనిపించింది. 1984లో జేమ్స్ బ్రౌన్ దీనికి ఒక వివరణ ఇచ్చారు: రకరకాల పరిస్థితులను భరించగల జాతి ఎక్కువ చోట్ల బతుకుతుంది, అదే కారణంగా ప్రతి చోటా ఎక్కువ సంఖ్యలో బతుకుతుంది. వినడానికి బాగుంది. కాని ఈ సంబంధంలో కొంత భాగం మన లెక్కింపు నుంచే పుడుతుంది. సంఖ్యలో తక్కువగా ఉన్న జాతి సర్వేలో దొరకకుండా తప్పించుకుంటుంది. తప్పించుకున్న కొద్దీ పటంలో దాని వ్యాప్తి చిన్నదిగా నమోదవుతుంది.

అమెజాన్ లెక్కలు ఈ విషయాన్ని ఇంకా స్పష్టం చేస్తాయి. 2013లో హాన్స్ టెర్ స్టీగె నాయకత్వంలో వందకు పైగా పరిశోధకులు 1,170 ప్లాట్ల సమాచారాన్ని కలిపి, అమెజాన్ పరీవాహకంలో సుమారు 39,000 కోట్ల చెట్లు, దాదాపు 16,000 జాతులు ఉన్నాయని అంచనా కట్టారు. ఆ చెట్లలో సగం కేవలం 227 జాతులవే. వీటికి పెద్ద వ్యాప్తులే ఉన్నాయి. అంతవరకు బ్రౌన్ చెప్పినట్టే ఉంది. అయితే వీటిలో చాలావరకు ఒకటి రెండు రకాల అడవుల్లో, ఒకటి రెండు ఉప ప్రాంతాల్లో మాత్రమే ఆధిపత్యం చూపుతాయి. మిగతా చోట్ల అవీ మామూలు జాతులే. వరద అడవిలో రాజ్యమేలే చెట్టు గట్టు మీది అడవిలో అరుదుగా తగలవచ్చు. వ్యాప్తి విస్తారంగా ఉండటం దానికి అనేక చోట్లకు ప్రవేశం ఇస్తోంది కాని, ఆయా చోట్ల దాని స్థానాన్ని నిర్ణయిస్తున్నది అక్కడి నేలా నీరూ.

దీనికి విరుద్ధంగా కనిపించే ఉదాహరణ కూడా అమెజాన్‌లోనే ఉంది. ఈక్వడార్‌లోని యసూని, పెరూలోని మను ఒకదానికొకటి సుమారు 1,400 కిలోమీటర్ల దూరంలో ఉన్నాయి. నైజెల్ పిట్మన్ బృందం 2001లో ప్రచురించిన పోలికలో రెండు చోట్లా అన్నిటికంటే ఎక్కువగా ఉన్న చెట్టు ఒకటే: ఇరియార్టియా డెల్టాయిడియా అనే తాటి కుటుంబపు చెట్టు. రెండు చోట్లా సాధారణంగా ఉండే జాతుల్లోనూ పెద్ద భాగం ఉమ్మడివే. అన్ని వందల జాతులున్న అడవి ప్రతి కొండ దాటగానే మారిపోతుందని ఊహించుకునేవారికి ఇది ఆశ్చర్యం కలిగిస్తుంది. అయితే రెండు ప్రాంతాలూ ఆండీస్ పాదాల దగ్గర, ఒకే తరహా నేలల మీద, ఒకే తరహా వానల కింద ఉన్నాయి. పరిస్థితి మారనంత దూరం అదే జాతి ముందుంటుందనడానికి ఇది నిదర్శనం.

పెద్ద వ్యాప్తికీ స్థానిక సమృద్ధికీ ఉన్న సంబంధం తెగిపోయే చోట్లు కూడా లేకపోలేదు. కాలిఫోర్నియా తీరపు రెడ్‌వుడ్ వ్యాప్తి, ఆరెగాన్ దక్షిణపు కొస నుంచి మధ్య కాలిఫోర్నియా దాకా, సముద్రపు పొగమంచు చేరే ఒక సన్నని పట్టీ. ఖండం పటం మీద అది ఒక గీత మాత్రమే. ఆ గీత లోపల మాత్రం, ముఖ్యంగా నదుల ఒడ్డున ఉన్న చదునైన నేలల్లో, వంద మీటర్లు దాటి పెరిగే ఆ చెట్టుదే పూర్తి ఆధిపత్యం. 1981లో డెబొరా రాబినోవిట్జ్ అరుదుతనాన్ని మూడు కొలతలుగా విడదీశారు: వ్యాప్తి చిన్నదా పెద్దదా, ఆవాసం ప్రత్యేకమైనదా సాధారణమైనదా, స్థానిక సంఖ్య ఎక్కువా తక్కువా. వీటిని కలిపితే ఎనిమిది గళ్ళు వస్తాయి. ఒక్క గడిలోని జాతులనే అన్ని విధాలా సాధారణమైనవిగా చెప్పవచ్చు, మిగతా ఏడూ ఏడు రకాల అరుదుతనాలు. రెడ్‌వుడ్ వాటిలో ఒక రకం. ఎన్ని కొత్త గణాంక పద్ధతులు వచ్చినా ఈ సాదా పట్టికకు మించిన స్పష్టత నాకు మరెక్కడా కనిపించలేదు.

వ్యాప్తికి నడిమధ్యన జాతి ఎక్కువగా ఉండి, అంచులకు వెళ్ళే కొద్దీ పలచబడుతుందన్న భావన కూడా చాలాకాలం నియమంలా చలామణి అయింది. 2002లో అందుబాటులో ఉన్న అధ్యయనాలను సమీక్షిస్తే సగానికంటే తక్కువ వాటిలోనే దీనికి మద్దతు దొరికింది. పటం మీద కేంద్రం, జాతి అవసరాల పరంగా కేంద్రం ఒకటే కావాలని ఏమీ లేదు. సముద్రం అడ్డు వచ్చి వ్యాప్తి తెగిపోయిన చోట, తీరం అంచునే ఆ జాతి అత్యంత దట్టంగా ఉండవచ్చు. అదే అంచు కరువు వల్ల ఏర్పడితే పరిస్థితి వేరు.

అంచుకు కారణం తెలిస్తే ఏమి తెలుస్తుందో చూడటానికి పనామా భూసంధి, అంటే రెండు సముద్రాల మధ్య ఉన్న సన్నని నేల పట్టీ, మంచి చోటు. అక్కడ పసిఫిక్ తీరం నుంచి కరీబియన్ తీరానికి అరవై ఐదు కిలోమీటర్ల మేర వెళితే ఏడాది వాన సుమారు 1,800 మిల్లీమీటర్ల నుంచి 3,000 మిల్లీమీటర్లు దాటుతుంది. వానలు లేని కాలం కూడా ఆ దిశలో తగ్గుతూ పోతుంది. కొన్ని చెట్లు తడి వైపే కనిపిస్తాయి, కొన్ని పొడి వైపే. బెటినా ఎంగెల్‌బ్రెక్ట్ బృందం 48 జాతుల లేత మొక్కలను అడవి నీడలో నాటి, వానలు లేని నెలల్లో సగం మొక్కలకు నీరు పోసి, మిగతా సగాన్ని అలాగే వదిలేసింది. నీరు లేనప్పుడు ఏ జాతి మొక్కలు ఎంత శాతం అదనంగా చనిపోయాయన్నదే ఆ జాతి కరువుకు ఎంత సున్నితమో చెప్పే కొలత. 2007లో వెలువడిన ఫలితాల ప్రకారం, కరువుకు తాళలేని జాతులు భూసంధి తడి వైపు ఎక్కువగా ఉన్నాయి. అంతకంటే ఆసక్తికరమైన సంగతి, అదే కొలత బారో కొలరాడో ప్లాటు లోపల కూడా పనిచేసింది: సున్నితమైన జాతులు తేమ నిలిచే వాలుల మీద, తట్టుకోగల జాతులు పీఠభూమి మీద ఎక్కువగా ఉన్నాయి. పదుల కిలోమీటర్ల పటాన్ని గీసిన గుణమే కొన్ని వందల మీటర్ల పటాన్నీ గీస్తోందన్నమాట.

అదే ద్వీపంలో 1982–83 ఎల్ నినో సమయంలో తీవ్రమైన కరువు వచ్చింది. తడి వాలులకు పరిమితమైన జాతులు ఎక్కువగా దెబ్బతిన్నాయి. పౌల్సేనియా ఆర్మాటా అనే చెట్టు సంఖ్య అప్పటి నుంచి వరుస గణనల్లో బాగా పడిపోయింది. దాని మొత్తం వ్యాప్తి మెక్సికో నుంచి దక్షిణ అమెరికా దాకా ఉంది కనుక అది చిన్న వ్యాప్తి ఉన్న జాతి కాదు. వ్యాప్తి పరిమాణం చూసి దాని భవిష్యత్తును ఊహించి ఉంటే పొరబడేవాళ్ళం. తేమ విషయంలో అది తన హద్దు దగ్గర ఉందన్న సంగతి చూసి ఉంటే సరిగ్గా ఊహించేవాళ్ళం.

వ్యాప్తులు చెప్పలేని విషయాలూ ఉన్నాయి. 1970లో డేనియల్ జాన్‌జెన్, 1971లో జోసెఫ్ కానెల్ విడివిడిగా ప్రతిపాదించినట్టు, తల్లి చెట్టు చుట్టూ దాన్నే తినే పురుగులూ దానికే పట్టే తెగుళ్ళూ పోగుపడి ఆ జాతి పిల్ల మొక్కలను అణచివేస్తాయి. బారో కొలరాడోలో వేల మొక్కలను వెంటాడిన లిజా కొమిటా తదితరులు, అరుదైన జాతుల మొక్కలకు సొంత జాతి పొరుగు చెట్ల వల్ల కలిగే నష్టం ఎక్కువని 2010లో చూపించారు. ఈ బలం ప్లాటు లోపలిది. ఖండం పటంలో దాని జాడ ఉండదు. అలాగే ఒక ప్లాటులో ఒకే ఒక్క చెట్టుగా కనిపించే జాతి, పక్కనున్న చిత్తడిలో గుంపులుగా పెరుగుతూ, అక్కడి నుంచి విత్తనాలు కొట్టుకువచ్చి మొలిచినదే కావచ్చు. అలాంటి జాతిని అక్కడి పరిస్థితులకు తగినదిగా లెక్కించడం తప్పు.

పటాల మీద నమ్మకం పెట్టుకునే ముందు పటం ఎలా తయారైందో కూడా చూడాలి. వ్యాప్తిని కొలవడానికి ఐయూసీఎన్ (అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం) రెండు పద్ధతులు వాడుతుంది. ఒకటి, జాతి కనిపించిన అన్ని బిందువులనూ చుట్టివచ్చే బహుభుజి వైశాల్యం. రెండోది, రెండు కిలోమీటర్ల చదరపు గళ్ళలో అది నిజంగా ఉన్న గళ్ళ మొత్తం. ఒకే జాతికి ఈ రెండు అంకెల మధ్య వందల రెట్ల తేడా రావచ్చు. బిందువులే తక్కువైతే రెండూ నమ్మదగినవి కావు. ఈక్వడార్‌లోని సెంటినెలా కొండ అడవి ఇందుకు పేరుమోసిన ఉదాహరణ. 1980ల నాటికి దాన్ని దాదాపు నరికేశారు. అక్కడ తప్ప మరెక్కడా లేవనుకున్న పదుల మొక్కల జాతులు దానితోపాటే అంతరించాయని దశాబ్దాల పాటు చెప్పుకున్నారు. 2024లో వెలువడిన పునఃపరిశీలనలో, ఆ తరువాతి కాలంలో పోగైన హెర్బేరియం నమూనాలను (ఎండబెట్టి భద్రపరిచిన మొక్కలను) పోల్చి చూస్తే, దాదాపు అవన్నీ వేరే చోట్ల కూడా దొరికాయి. అడవి పోయిందన్నది నిజం. వ్యాప్తి అంత చిన్నదన్నది మాత్రం ఎవరూ సరిగా వెతకకపోవడం వల్ల పుట్టిన భ్రమ.

ఇన్ని పరిమితులున్నా, వేడెక్కుతున్న వాతావరణంలో అడవుల మార్పును చదవడానికి వ్యాప్తి పటాలే ఇప్పుడు ప్రధాన సాధనం. పద్ధతి ఇలా ఉంటుంది. ఒక జాతి దొరికిన అన్ని చోట్ల ఉష్ణోగ్రతల సగటు తీస్తే అది ఆ జాతి అంకె. ప్లాటులో ఉన్న జాతుల అంకెలకు, వాటి సంఖ్యను బట్టి ప్రాముఖ్యమిస్తూ సగటు తీస్తే అది ఆ సముదాయపు అంకె. ఉదాహరణకు 14 డిగ్రీల జాతి 60 శాతం, 18 డిగ్రీల జాతి 40 శాతం ఉన్న ప్లాటు అంకె 15.6. కొన్నేళ్ళకు రెండూ సగం సగం అయితే అది 16 అవుతుంది. కొత్త జాతి ఒక్కటీ రాకుండానే, ఉన్నదొక్కటీ పోకుండానే, సముదాయం 0.4 డిగ్రీ వెచ్చని వైపు జరిగింది.

ఆండీస్ పర్వతాల్లో దాదాపు రెండు వందల ప్లాట్లను ఈ విధంగా చూసిన 2018 అధ్యయనంలో, చాలాచోట్ల సముదాయాలు వెచ్చని వైపే జరుగుతున్నా వేగం ఒకేలా లేదని తేలింది. అంతకుముందు పెరూలోని కోస్నిపాటా లోయలో చెట్ల ప్రజాతుల సగటు స్థానం ఏటా సుమారు 2.5 నుంచి 3.5 మీటర్ల చొప్పున ఎత్తుకు జరుగుతున్నట్టు కెన్నెత్ ఫీలీ బృందం లెక్కకట్టింది. ఆ లోయ వేడెక్కుతున్న వేగానికి ఇది చాలదు. కొలంబియా ప్లాట్లను పరిశీలించిన 2015 అధ్యయనం మరో ముఖ్యమైన విషయం చెప్పింది: సముదాయపు అంకె పెరగడానికి ప్రధాన కారణం వెచ్చని జాతులు కింద నుంచి ఎక్కిరావడం కాదు, చల్లని జాతుల చెట్లు ఎక్కువగా చనిపోవడం. అంటే అక్కడి వ్యాప్తులు పైకి జరగడం కంటే కింది అంచు దగ్గర కుంచించుకుపోవడమే ఎక్కువ. పై అంచు కదలాల్సిన చోట, పెరూ ఆండీస్‌లో అడవి ముగిసి పూనా అని పిలిచే ఎత్తైన గడ్డిభూమి మొదలయ్యే రేఖ దగ్గర, పశువుల మేతా తరచూ పెట్టే మంటలూ పిల్ల చెట్లను నిలవనివ్వడం లేదు. చాలా చోట్ల ఆ రేఖ దశాబ్దాలుగా దాదాపు అక్కడే ఉంది.